మా కత్తెర మా చేతిలో ఉండేది

కుర్ర ఎడిటర్లకు మా తరం మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు సణుగుతారనీ, నేర్చుకోలేక పాతదాన్ని పొగుడుతారనీ. సణుగుతామన్నది నిజమే. ఇప్పుడూ అదే పని చేయబోతున్నాను. నేర్చుకోలేకపోయామన్నది మాత్రం ఒప్పుకోను. మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద మొదలుపెట్టిన చేతులివి. తర్వాత స్టీన్‌బెక్ వచ్చింది. టీవీ పనిలోకి వెళితే టేపులు వచ్చాయి. ఆపైన ఎవిడ్, ఫైనల్ కట్, ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్. ఒక్క మనిషి పనిచేసే కాలంలో పనిముట్టు ఇన్నిసార్లు మొదలంటా మారిపోయిన వృత్తులు ఎక్కువ ఉండవు. మారిన ప్రతిసారీ కూర్చుని నేర్చుకున్నాం. మా పిల్లల వయసు వాళ్ళను అడిగి మరీ నేర్చుకున్నాం. నా గొడవంతా ఒక్క విషయం మీద: మేము చేసిన పనిని మేమే మళ్ళీ తెరిచి చూసుకోలేని రోజు ఎలా వచ్చిందని.

మా రోజుల్లో అంటే మద్రాసు రోజులు. వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ల్యాబులు, స్టూడియోలు, వాటి వెనక చిన్న చిన్న ఎడిటింగ్ గదులు. ల్యాబు నుంచి రష్ ప్రింటు డబ్బాల్లో వచ్చేది. అసిస్టెంటు మొదటి పని సింక్ చేయడం. క్లాప్ చెక్క మూసుకున్న ఫ్రేము మీద గ్రీజు పెన్సిల్‌తో ఒక గుర్తు, మాగ్నెటిక్ ట్రాకు మీద 'టక్' మన్న చోట ఇంకో గుర్తు. రెండింటినీ సింక్రనైజర్‌లో పక్కపక్కన పెట్టి తిప్పాలి. అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. ఈ లెక్కలు ఎవరూ కాగితం మీద రాసుకునేవాళ్ళు కారు. చేతి మీదుగా ఫిల్ము జారుతుంటే ఇది నాలుగడుగుల షాటు, ఇది ఆరడుగుల షాటు అని వేళ్ళకే తెలిసిపోయేది.

ఒక షాటును కోయాలంటే నిజంగానే కోయాలి. కోసిన ముక్కను బిన్‌లో మేకుకు తగిలించాలి, దాని కింద గుడ్డ సంచి. ఆ ముక్క రెండు ఫ్రేములదే కావచ్చు. రేపు దర్శకుడు వచ్చి "అక్కడ కొంచెం తొందరపడ్డామేమో" అంటే ఆ రెండు ఫ్రేములూ దొరకాల్సిందే. దొరక్కపోతే సంచి బోర్లించి, ఒక్కో ముక్కనూ లైటు ముందు పెట్టి వెతికేవాళ్ళం. డిజాల్వ్ కావాలంటే ప్రింటు మీద పెన్సిల్‌తో ఏటవాలు గీత గీసి ఆప్టికల్స్‌కి పంపాలి. అది తెర మీద ఎలా కనిపిస్తుందో కొన్ని రోజుల దాకా తెలియదు. అందుకని గీత గీసే ముందే తలలో చూసుకోవాలి.

అదంతా కష్టమే. ఆ కష్టం మళ్ళీ కావాలని నేను అడగడం లేదు. నడుము నొప్పుల గురించీ, సిమెంటు వాసన గురించీ ముచ్చట పడే ఓపిక నాకు లేదు. కాని ఆ పద్ధతిలో రెండు సంగతులున్నాయి, వాటి విలువ పోయాకే తెలిసింది.

మొదటిది, యంత్రం మన కింద నుంచి కదిలిపోయేది కాదు. మూవియోలాను ఇవాన్ సెరూరియర్ అమెరికాలో 1924లో తయారుచేశాడు. దశాబ్దాల తర్వాత నేను దాని ముందు కూర్చున్నప్పుడు కూడా అది పనిచేసే తీరు అదే. నాకంటే ముప్ఫై ఏళ్ళ ముందు నేర్చుకున్న పెద్దాయన నాకు నేర్పగలిగాడు. ఆయనకు తెలిసిందేదీ పాతబడలేదు. జాయినర్ బ్లేడు మొండిదైతే మార్చుకునేవాళ్ళం. మోటారు మొరాయిస్తే వీధి చివరి మెకానిక్కు చూసిపెట్టేవాడు.

రెండోది ఇంకా పెద్దది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు ఫ్రేముకి నాలుగు రంధ్రాలు. మద్రాసులో నాలుగే, బొంబాయిలో నాలుగే, లండన్‌లో నాలుగే. ఏ కంపెనీ ఫిల్మైనా, ఏ కంపెనీ యంత్రం మీదైనా ఎక్కుతుంది. అంచున అడుగడుగునా ఎడ్జ్ నంబరు ఉంటుంది. మా కట్ చూసి, ఆ నంబర్లు చదువుకుని నెగటివ్ కట్ చేసే మనిషి నెగటివ్ కోస్తాడు. ఎడిటర్ పోయినా, గది మూతపడినా, డబ్బాలో ఉన్న రీలును ఎవరైనా తీసి, ఏ బల్ల మీదైనా వేసి, ఆ ఎడిటర్ ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి పని కొనసాగించవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

విద్య కూడా అలాగే ఒకరి నుంచి ఒకరికి అందేది. అక్కినేని సంజీవిగారు ఎడిటర్. ఆయన అబ్బాయి శ్రీకర్ ప్రసాద్‌గారు తండ్రి పక్కన ఫిల్ము పట్టుకుని నేర్చుకున్నారు. ఆ చేతులే 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' కట్ చేశాయి. మధ్యలో ఎన్ని యంత్రాలు వచ్చిపోయాయో చూడండి. పనిముట్టు మారితే మావాళ్ళు పనికిరాకుండా పోతారనే వాళ్ళకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి? మార్పు అంటే మాకు భయమనే మాట ఇక వదిలేయండి.

టేపుల రోజుల గురించి ఎక్కువ చెప్పను. యూమాటిక్, బీటాక్యామ్. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక హైదరాబాదులో టేపు తిరగని ఎడిటింగ్ సూట్ లేదు. ఒక మెషీన్‌లో ప్లే, ఇంకో మెషీన్‌లో రికార్డు, మధ్యలో కంట్రోలర్. వరుసగా వేసుకుంటూ పోవాలి. మూడో నిమిషంలో ఒక షాటు తీసేయాలంటే ఆ తర్వాతదంతా మళ్ళీ వేయాలి, లేదా కాపీ మీద కాపీ తీసి బొమ్మ పాడుచేసుకోవాలి. ఫిల్ము మీద ఎక్కడంటే అక్కడ చేయి పెట్టిన మాకు అది జైలు. పాతదంతా బంగారమనే మనిషినైతే ఆ టేపులనూ పొగిడేవాణ్ణి. అవి పోయిన రోజు నాకు పండగ.

ఆ జైలు నుంచి విడిపించింది ఎవిడ్. అమెరికాలో బిల్ వార్నర్ మొదలుపెట్టిన కంపెనీ అది. 1989లో మెకింతోష్ కంప్యూటర్ మీద నడిచే ఎడిటింగ్ యంత్రాన్ని బయటపెట్టింది. 1992లో సినిమాకు పనికొచ్చే 24 ఫ్రేముల ఫిల్మ్ కంపోజర్ వచ్చింది. తొలిసారి మానిటర్ మీద షాటును లాగి, ఇంకో షాటు ముందు పెట్టి, నచ్చక మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను. టేపులు పోగొట్టిన స్వేచ్ఛ తిరిగొచ్చింది, అదీ కోయకుండా, అతకకుండా. ఇబ్బందులు లేకపోలేదు. సినిమాకు 24 ఫ్రేములు, మన దేశపు వీడియోకు 25. టెలిసినీ చేసి తెచ్చిన బొమ్మకూ నెగటివ్‌కూ లెక్క ఒక్క ఫ్రేము తప్పినా నెగటివ్ కోసేవాడి చేతిలో షాటు చచ్చిపోతుంది. హార్డ్ డిస్కులు తొమ్మిది గిగాబైట్లవి, బంగారంలా దాచుకునే ధర. బొమ్మ మసకమసగ్గా ఉండేది, నటి కళ్ళు తడిగా ఉన్నాయో లేదో తెలిసేది కాదు. దానికి ప్రింటు వేసి చూసుకునేవాళ్ళం. అయినా ఎవరూ పెద్దగా గొడవ పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదంటే మాకు సమయం ఇచ్చారు. ఎవిడ్ వచ్చిందని మూవియోలాను ఎవరూ గదిలోంచి ఎత్తుకుపోలేదు. ఇష్టమైనవాడు అటు వెళ్ళాడు, లేనివాడు ఇటే ఉన్నాడు. ఎడిటర్ వాల్టర్ మర్చ్ 'ది ఇంగ్లిష్ పేషెంట్'ను ఫిల్ము మీద మొదలుపెట్టి, మధ్యలో ఎవిడ్‌కి మారి పూర్తిచేశాడు. దానికి ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. కంప్యూటర్ మీద కట్ చేసిన సినిమాకు ఆ బహుమతి రావడం అదే మొదలు. మరోపక్క స్పీల్‌బర్గ్ సినిమాలను ఆయన ఎడిటర్ మైకేల్ కాన్ 2008 నాటి 'ఇండియానా జోన్స్' దాకా ఫిల్ము మీదే కోశాడు. మర్చ్ గొప్పవాడే, కాన్ గొప్పవాడే. ఎప్పుడు మారాలో ఎవరికి వాళ్ళే నిర్ణయించుకున్నారు. మా కోడంబాకంలోనూ అంతే జరిగింది. కొన్నేళ్ళపాటు ఒక గదిలో స్టీన్‌బెక్ తిరుగుతుంటే పక్క గదిలో ఎవిడ్ నడిచేది. అసిస్టెంటు కుర్రాడు రెండు గదుల్లోనూ పనిచేసి రెండూ నేర్చుకునేవాడు.

1999లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో తెచ్చింది. అంతకుముందు ఎడిటింగ్ యంత్రం కొనాలంటే స్టూడియో వాళ్ళో, చానెల్ వాళ్ళో కావాలి. ఇది 999 డాలర్లు. గుంటూరులో, వరంగల్లులో కూర్చున్న కుర్రాడు కూడా అప్పోసప్పో చేసి సొంత సిస్టం పెట్టుకోగలిగాడు. దానికి నేను ఆ కంపెనీకి ఇప్పటికీ దండం పెడతాను. 2003లో మర్చ్ 'కోల్డ్ మౌంటెన్'ను దాని మీదే కట్ చేసేసరికి ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. పదేళ్ళలో ఎంతోమంది జీవితాలు ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిపోయాయి. అసిస్టెంట్లను దానికే తయారుచేశారు. హార్డ్ డిస్కుల నిండా దాని ప్రాజెక్టులే.

2011 జూన్ 21న ఫైనల్ కట్ ప్రో ఎక్స్ వచ్చింది. ఆ తారీఖు ఎడిటర్లెవరూ మరిచిపోరు. పేరు అదే, లోపల మనిషి వేరు. పాత ఫైనల్ కట్ 7లో చేసిన ప్రాజెక్టును అది తెరవదు. ఇళ్ళలో సరదాకి వాడుకునే ఐమూవీ ప్రాజెక్టును మాత్రం తెరుస్తుంది! పదేళ్ళ వృత్తి జీవితాన్ని ఆ ఒక్క నిర్ణయం ఎంత లోకువ చేసిందో తయారుచేసినవాళ్ళకు తట్టలేదంటే ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు.

లేనివి ఇంకా ఉన్నాయి. మల్టీక్యామ్ లేదు. అంటే నాలుగైదు కెమెరాలతో తీసిన పాటల కార్యక్రమం, ఆటల పోటీ, పెళ్ళి, ఏదీ మునుపటిలా కట్ చేయలేరు. ఈడీఎల్ లేదు, ఓఎంఎఫ్ లేదు. మన కట్‌ను కలరిస్టుకి అందించే దారి ఈడీఎల్, సౌండ్ ఇంజనీరుకి అందించే దారి ఓఎంఎఫ్. ఆ రెండు దారులూ మూసేస్తే ఎడిటర్ గదిలో కట్ అయిన సినిమా గది దాటి బయటకు రాదు. టేపు మీదికి రికార్డు చేసే సదుపాయం కూడా లేదు. అప్పటికి చానెళ్ళు చాలావరకు టేపే అడిగేవి. పైగా అదే రోజు పాత సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆపేశారు. కొత్త మనిషిని పనిలోకి తీసుకుని ఇంకో సిస్టం పెడదామంటే కొనడానికి పాతది లేదు, వాడదామంటే కొత్తది చాలదు. లోకమంతా గగ్గోలు పెడితే కొన్ని నెలలకు పాతదాన్ని మళ్ళీ అమ్మకానికి పెట్టారు.

న్యాయం చెప్పాలంటే పాతదాన్ని వదిలేయడానికో కారణమూ ఉంది. పాత ఫైనల్ కట్ 32 బిట్ల పునాది మీద కట్టింది. కంప్యూటర్లో ఎంత మెమరీ వేసినా నాలుగు గిగాబైట్లు దాటి వాడుకోలేదు. పెద్ద బొమ్మలొచ్చే కాలానికి అది నిలవదు, మొదలంటా తిరగరాయాల్సిందే. రాసినదాంట్లో మంచీ ఉంది. షాటు మీద అలా మౌస్ పోనిస్తే బొమ్మ నడిచే ఏర్పాటు, మునుపు రీలును చేతితో తిప్పుకుంటూ చూసిన హాయిని నాకు తిరిగిచ్చింది. ఒక షాటు తీస్తే మిగతావి వాటంతట అవే దగ్గరికి జరిగే టైమ్‌లైన్ న్యూస్ పనికి బాగా ఉపయోగం. కాని ట్రాకులు తీసేయడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మొదటి రెండు ట్రాకులు డైలాగు, తర్వాతవి ఎఫెక్టులు, కింద సంగీతం అని పెట్టుకోవడం మా గదిలో చదవకుండానే అర్థమయ్యే భాష. అర్ధరాత్రి ఇంకో అసిస్టెంటు వచ్చి నా కుర్చీలో కూర్చున్నా ఎక్కడేముందో వాడికి చెప్పాల్సిన పనిలేదు. ఆ అమరికను తీసేసి, దాని చోట 'రోల్స్' అన్నారు. రోల్స్ ప్రకారం ఆడియోను వరుసలుగా చూపించడం 2016 అక్టోబరులో, 10.3 వెర్షన్లో గాని రాలేదు. మల్టీక్యామ్ 2012 జనవరిలో వచ్చింది. అంటే ఏడు నెలలు. ఎవరికో ఏడు నెలలంటే చిన్న ఆలస్యం. వారం వారం ఎపిసోడ్ ఇవ్వాల్సినవాడికి అది ఉద్యోగం.

ఇక్కడ కుర్రవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 2019లో వచ్చిన కొరియా సినిమా 'పారసైట్' ఆస్కార్లలో ఉత్తమ చిత్రం అయింది, ఎడిటింగుకు కూడా నామినేట్ అయింది. దాన్ని కట్ చేసింది ఫైనల్ కట్ ప్రో 7 మీద. కంపెనీ వదిలేసి ఎనిమిదేళ్ళయిన సాఫ్ట్‌వేర్ మీద. అంటే పాత పనిముట్టుకు సత్తా తగ్గలేదు, అది పనికిరానిదవలేదు. కాని 2017లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ హై సియెర్రా దాన్ని అసలు మొదలవనివ్వదు. వాడాలంటే పాత సిస్టం ఎక్కించిన పాత కంప్యూటర్ను అలాగే కాపాడుకోవాలి. అది పాడైతే ఇంకో పాతది వెతకాలి.

చేతుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది చిన్నదనుకుంటారు. ఎడిటర్ కళ్ళు తెర మీద ఉంటాయి, కీబోర్డు మీద ఉండవు. ఫైనల్ కట్‌లో కోయడానికి బీ నొక్కాలి. ప్రీమియర్‌లో సీ నొక్కాలి. ప్రీమియర్‌లో బీ అంటే రిపుల్ ఎడిట్, దాంతో షాటు అంచు లాగితే ఆ తర్వాతున్న షాట్లన్నీ జరుగుతాయి. పదేళ్ళ అలవాటున్న వేలు మెదడు చెప్పేలోపే బీ మీద పడుతుంది. పాత కీబోర్డు అమరికను పెట్టుకునే వీలు ప్రీమియర్లోనూ, రిజాల్వ్‌లోనూ ఉంది, నిజమే. కాని ఆ అమరిక నా గదిలో ఉంటుంది. పక్క స్టూడియోకి వెళితే ఉండదు. ఆలోచన తెగకుండా ఉండడమే ఎడిటింగ్‌లో సగం పని. నటుడు తల తిప్పే క్షణంలో ఏ ఫ్రేము దగ్గర వదలాలా అని చూస్తున్నవాడికి మీట ఎక్కడుందో వెతుక్కునే అవస్థ పెడితే, పోయేది అర సెకను కాదు, ఆ క్షణం మీదున్న చూపు.

అడోబీ 2013లో ఇక క్రియేటివ్ క్లౌడే అంది. 2012 నాటి సీఎస్6 దగ్గర డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి ఆగిపోయింది. ఇక నెల నెలా కట్టాలి. సొంతింట్లో ఉన్నవాళ్ళను అద్దెకు మార్చినట్టయింది. అద్దెలో సుఖం లేదని అనను. ఒక్క సినిమా పనికి రెండు నెలలు తీసుకుని వదిలేసేవాడికి చవకే. కాని పదేళ్ళ కిందట నేను కట్ చేసిన దాన్ని చూసుకోవాలంటే ఈ నెల డబ్బు కట్టాలి. ఆ షాట్లు నావాళ్ళు తీసినవి, ఆ కోతలు నేను కోసినవి. అవి చూసుకోవడానికి నెల అద్దె ఏమిటి?

అప్‌డేట్ల గొడవ ఇంకొకటి. "సార్, కొత్త వెర్షన్ వచ్చింది, వేసేయనా?" అని అసిస్టెంటు ఉత్సాహంగా అడుగుతాడు. వాడి తప్పేం లేదు, కొత్తదంటే వాడి వయసుకు సరదా. నా గదిలో మాత్రం ఒక పని నడుస్తుండగా ఏ అప్‌డేటూ వేయనివ్వను. కొత్త వెర్షన్లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ప్రీమియర్ ప్రాజెక్టును పాత వెర్షన్ తెరవదు. రిజాల్వ్ డేటాబేస్‌ను పైకి మారిస్తే మళ్ళీ కిందికి మార్చలేం. ఒక గదిలో మార్చి పక్క గదిలో మార్చకపోతే ఇద్దరు ఎడిటర్లు ఒకే సినిమా మీద ఉండీ ఒకరి పని ఒకరు చూడలేరు. ఇది చాదస్తమని నా వెనక అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి. విడుదల తేదీ పోస్టర్ మీద వేసుకున్న నిర్మాతకు చాదస్తమే కావాలి.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. 2000ల నడుమ మేము ఒక డాక్యుమెంటరీ కట్ చేశాం. చేనేత పనివాళ్ళ మీద. మంచి మనసుతో తీసిన సినిమా. దాంట్లో ఒక పెద్దాయన మాట్లాడిన గంటల కొద్దీ ఇంటర్వ్యూ నుంచి మేము వాడుకున్నది కొంచెమే. ఆయన పోయాక కుటుంబం వాళ్ళు వచ్చారు. "మా తాతగారు మాట్లాడిందంతా ఒకసారి చూడాలని ఉందండీ, మీ దగ్గర ఉంటుందన్నారు" అన్నారు. ప్రాజెక్టు ఫైలు ఉంది. తెరిచే సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్ మీద నడవదు. టేపులున్నాయి, మినీడీవీవి. ప్లే చేసే మెషీన్ ఉన్నచోట ఫైర్‌వైర్ పోర్టు లేదు, పోర్టున్న పాత కంప్యూటర్ మొదలవడం లేదు. కష్టపడి అన్నీ జత చేస్తే కొంత దొరికింది. ఏ టేపులో ఏ నిమిషం దగ్గర ఏ మాటుందో, ఏది వాడదగ్గదో, ఏది ఎందుకు వదిలేశామో, మేము రాసుకున్న గుర్తులన్నీ తెరుచుకోని ఆ ఫైల్లోనే ఉండిపోయాయి. ఆ కుటుంబానికి నేను మొహం చూపించలేకపోయాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. ఊళ్ళో పెళ్ళి వీడియోలు చేసే ఎడిటర్‌ను అడగండి. "మా నాన్న కనపడే షాట్లన్నీ ఒక్కచోట వేసివ్వు అన్నా" అని పదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు ఎంతమందో చెబుతాడు. ఎంతమందికి లేదని చెప్పి పంపాడో కూడా చెబుతాడు.

మరి ఫిల్ము చెడిపోదా అని అడుగుతారు. చెడిపోతుంది. ఎండకు, తేమకు వెనిగర్ వాసన కొట్టి ముడుచుకుపోతుంది. 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే మనకు దక్కలేదు. ఆ పాపం మన అశ్రద్ధది. కాని జాగ్రత్తపడిన చోట ఏం జరిగిందో కూడా చూడండి. 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపు ఫిల్ము నుంచే 2010లో రంగుల బొమ్మ తయారైంది. దాని ఎడిటర్లు జంబులింగంగారు, కల్యాణసుందరంగారు వేసిన కోతలు యాభై ఏళ్ళు దాటాక కూడా వేసినచోటే ఉన్నాయి. 2006 నాటి 'పోకిరి'ని 2022లో 4కేలో మళ్ళీ విడుదల చేస్తే కుర్రకారు థియేటర్ల ముందు టపాసులు కాల్చారు. ఆ స్పష్టత వెనకున్నది ఫిల్ము. ఎవరి సాఫ్ట్‌వేరూ తెరిచిపెట్టక్కర్లేదు, లైటు ముందు పెడితే చాలు, బొమ్మ కనిపిస్తుంది.

ఈమధ్య కొత్తగా ఇంకోటి వచ్చింది. ఇంటర్వ్యూలోని మాటల్ని కంప్యూటరే అక్షరాల్లో రాసిపెడుతుంది, ఆ అక్షరాల్లో ఒక వాక్యం చెరిపేస్తే షాటు కూడా కోసుకుపోతుంది. ప్రీమియర్‌లో 2023 నుంచి ఉంది. నేను వాడి చూశాను. గంటల ఇంటర్వ్యూలో పనికొచ్చేది ఎక్కడుందో పట్టుకోవడానికి అంతకంటే మేలైనది చూడలేదు. కోయడానికి మాత్రం దాన్ని నమ్మవద్దని మావాళ్ళకు చెబుతాను. మాట ఆగాక మనిషి ముఖంలో కదిలేది అక్షరాల్లో కనిపించదు. చాలాసార్లు మనం ఉంచాల్సింది అదే.

అసిస్టెంట్ల గురించి ఒక్క మాట. మునుపు కోత ముక్కల సంచి వెతికే కుర్రాడు గదిలోనే ఉండేవాడు. దర్శకుడూ ఎడిటరూ ఒక షాటు గురించి వాదించుకుంటుంటే వినేవాడు. ఎందుకు ఉంచారు, ఎందుకు తీశారు, అంతా చెవిన పడేది. ఇప్పుడు అసిస్టెంటు ఇంకో గదిలో, ఒక్కోసారి ఇంకో ఊళ్ళో, ఫైళ్ళు కాపీ చేసి ప్రాక్సీలు తయారుచేసి పంపిస్తాడు. వాడికి సాఫ్ట్‌వేర్ నాకంటే బాగా వచ్చు. ఆ వాదన మాత్రం వాడు ఎన్నడూ వినలేదు. సీనియర్ ఎడిటర్లకు నా విన్నపం, ఆ పిల్లల్ని గదిలోకి పిలవండి. వెనక ఒక కుర్చీ వేయండి.

కుర్ర ఎడిటర్లకు ఇంకో విన్నపం. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా నాకు పేచీ లేదు. పని అయిపోయిన రోజున ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాచి ఊరుకోకండి. ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్, ఏఏఎఫ్ మూడూ తీసి పక్కన పెట్టండి. ఏదో ఒకటి ఏదో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ చదువుతుంది. నాణ్యమైన మాస్టర్ ఒకటి తీయండి, దాంతోపాటు పేర్లూ అక్షరాలూ లేని కాపీ ఒకటి. డైలాగు, సంగీతం, ఎఫెక్టులు విడివిడిగా తీయండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ కంప్యూటర్ మీద చేశారో రాయండి. వాడని ఇంటర్వ్యూల్లో ఎవరు ఏం మాట్లాడారో ఒక పేజీలో రాసి, ప్రింటు తీసి, డిస్కుతో పాటు పెట్టండి. డిస్కులు రెండు ఉండాలి, రెండు వేర్వేరు చోట్ల. ఏడాదికోసారి పెట్టి చూడాలి. దీనికయ్యే ఖర్చును నిర్మాతకు చెప్పే లెక్కలో మొదటే రాయండి, చివర్లో అడిగితే ఇవ్వరు. నిర్మాతలూ, ఈ డబ్బు దగ్గర దయచేసి బేరం ఆడకండి. మీ దగ్గర ఇప్పటికే మూలన పడున్న పాత డిస్కులుంటే, వాటిని తెరవగలిగే కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే తెరిపించండి.